ఇంగువ కట్టిన గుడ్డ

టెక్సస్ అనగానే మనవాళ్ళకి డాలస్, హ్యూస్టన్ గుర్తొస్తాయి. గుడి, గుడి పక్కన ఇడ్లీ హోటలు, హోటలు పక్కన చీరల కొట్టు. మేం దిగిన టెక్సస్ అది కాదు. పడమటి కొసన, ఎడారిలో, చమురు బావుల మధ్య ఒక ఆయిల్ కంపెనీ తన పనివాళ్ళ కోసం కట్టుకున్న ఊరు. ఇళ్ళు కంపెనీవి, రోడ్లు కంపెనీవి, బడి కంపెనీది, సరుకుల కొట్టు కంపెనీది. దుమ్ము ఒక్కటే దేవుడిది. దాన్ని కూడా కంపెనీ లారీలే లేపేవి.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రాజమండ్రిలో నాలుగో తరగతి మధ్యలో మాన్పించి తీసుకొచ్చారు. చదువు మధ్యలో మానడం నాకలా చిన్నప్పుడే అలవాటు చేశారు. నాన్న కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు. భూమిలోంచి తోడిన ముడి చమురులో గంధకం ఎంతుందో చూడటం ఆయన పని. గంధకం ఎక్కువుంటే దాన్ని అక్కడ సోర్ క్రూడ్ అనేవాళ్ళు. మొదటిరోజు ఇంటికొచ్చి నాన్న ఆ మాటకి అర్థం చెబితే అమ్మ కాసేపు ఆలోచించింది.

"పుల్లటి నూనా? అంటే పాడైపోయినట్టే కదండీ. ఇంకెందుకు తోడటం?"

ఆ ప్రశ్నకి కంపెనీ దగ్గర కూడా సరైన జవాబు లేదని కొన్నేళ్ళ తర్వాత తెలిసింది.

మా ఇంటి వెనక కంచె దాటితే అన్నీ పంపులే. గుర్రం తలకాయల్లాంటి ఇనుప తలలు, పగలూ రాత్రీ పైకీ కిందికీ ఆడేవి. ఎవరేమన్నా సరే సరే అన్నట్టుండేవి. నాన్న ఆఫీసులో అచ్చం అలాగే ఉంటాడని నాకో అనుమానం. ఇంట్లో మాత్రం ఆయన తల ఒక్కదానికే ఊగేది, ఇంగువకి. రాజమండ్రిలో సాయంత్రం సైకిలు దిగకముందే వీధిలోంచి "ఏమోయ్, పులిహోరా?" అని కేకేసేవాడు. రెండిళ్ళ అవతల వేసిన పోపులో ఇంగువ ముద్ద ఇంగువో, పొడి ఇంగువో చెప్పగలిగిన ముక్కు ఆయనది. ఆ ముక్కు చూసే కంపెనీ ఉద్యోగం ఇచ్చి ఉంటుందని అమ్మ ఎద్దేవా చేసేది.

కొత్త ఊళ్ళో మొదట నేర్పిందీ ముక్కు గురించే. బళ్ళో చేరిన మొదటి వారమే కంపెనీ సేఫ్టీ ఆఫీసరు వచ్చి పిల్లలకి పాఠం చెప్పాడు. బావుల్లోంచి అప్పుడప్పుడు ఒక విషవాయువు వస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఆ వాసన తగిలితే వెంటనే వీధి చివర స్తంభం వైపు చూడాలి. దానికి నారింజరంగు గుడ్డగొట్టం ఒకటి వేలాడుతూ గాలి ఎటు వీస్తోందో చూపిస్తుంది. గాలికి ఎదురు నడవాలి. పెద్దవాళ్ళు సేఫ్టీ ఆఫీసుకి ఫోన్ చేయాలి. ఇంతవరకూ బాగానే ఉంది. వెళ్ళబోతూ ఆయన ఇంకోమాట చెప్పాడు. "వాసన ఆగిపోయింది కదా అని మీరు ఆగొద్దు. గ్యాస్ మరీ ఎక్కువైతే ముందు చచ్చేది మీ ముక్కు. తర్వాత మీరు."

నేను ఇంటికొచ్చి అమ్మకి తెలుగులో అప్పజెప్పాను. అమ్మ గుమ్మంలోకి వెళ్ళి ఆ గొట్టాన్ని చూసింది. గాలికి నిలువునా లేచి కొట్టుకుంటోంది.

"ఆంజనేయస్వామి తోకలా ఉందిరా. మంచిదేలే, ఊరికి కాపలా" అంది.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ భర్త డ్రిల్లింగ్‌లో ఫోర్‌మన్. ఆవిడ అందర్నీ హనీ అని పిలిచేది, అమ్మని కూడా. "తేనె అంటోందిరా నన్ను! మీ నాన్న పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా అన్నాడా?" అని అమ్మ మురిసిపోయింది. తర్వాత ఆవిడ తన కుక్కని కూడా హనీ అనడం విని కొంచెం తగ్గింది.

మొదటి ఉగాది వచ్చింది. బడికి వసంతం సెలవులు. నాన్న మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. అమ్మ పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, రాజమండ్రి నుంచి సూట్‌కేసు అడుగున దాచి తెచ్చిన ముద్ద ఇంగువ బయటికి తీసింది. అది దుకాణంలో దొరికే పొడి లాంటిది కాదు. బెల్లం ముద్దంత, జిగురుగా, నల్లగా, ఎవరి మాటా వినని సరుకు. నూనె కాగాక ఒక ముక్క అందులో వేసింది. కొత్త సంవత్సరం కదా అని ఇంకో ముక్క కూడా వేసింది.

వంటింటి పొగని బయటికి తోసే ఫ్యాను గొట్టం సరిగ్గా పక్కింటి కిటికీ వైపు తెరుచుకుంటుందని అప్పటికి మాకు తెలియదు.

పోపులో మిరపకాయలు వేగేలోపు సైరన్ మోగింది. నేను కిటికీలోంచి చూశాను. పసుపురంగు లారీ ఒకటి మా వీధిలోకి తిరిగింది. ఎవరింటికో అనుకున్నాం. మా ఇంటి ముందే ఆగింది. వీపున గాలి సిలిండర్లు, మొహానికి గొట్టాల ముసుగులు తగిలించుకున్న మనుషులిద్దరు దిగారు. అమ్మ తలుపు తీసి, వాళ్ళని చూసి, మళ్ళీ వేసేసింది.

"ఒరేయ్, వినాయకుడి వేషాలేసుకుని ఎవరో వచ్చారు. చందా కోసమేమో. నువ్వు మాట్లాడు."

నేను తలుపు తీశాను. అమ్మ అట్లకాడతో నా వెనకే నిలబడింది. ముసుగులోంచి ఒకాయన గట్టిగా అడిగాడు. "మేడమ్, ఈజ్ దేర్ గ్యాస్ ఇన్ ద హౌస్?"

అమ్మకి అందులో ఒక్క మాటే తెలిసింది. ఆ మాట మన ఇళ్ళల్లో కడుపుకి సంబంధించినది. పప్పు తిన్నా గ్యాసే, శనగలు తిన్నా గ్యాసే. దానికి మందు కూడా మనకి తెలిసిందే. అమ్మ నన్ను పక్కకి జరిపి, పొయ్యి మీద బాణలి చూపించి, తన పొట్ట మీద చెయ్యి వేసుకుని, తనకి వచ్చిన ఇంగ్లీషులో నమ్మకంగా చెప్పింది.

"యెస్, యెస్. దిస్, ఫర్ గ్యాస్."

"ఫర్ గ్యాస్?"

"యెస్! వెరీ గుడ్ గ్యాస్."

ఆయన భుజానికున్న రేడియో అందుకుని, ఇంట్లోవాళ్ళు గ్యాస్ ఉందని ఒప్పుకున్నారు, వీధి ఖాళీ చేయించండి అన్నాడు. అది గ్యాస్ కాదు, వంట అని నేను మొత్తుకున్నాను. ఏం వంట అన్నాడు. ఇంగువకి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. తెలిసిన నాలుగు మాటలు కూడదీసుకుని, అది చెట్టు నుంచి తీసిన జిగురని, మేం దాన్ని తింటామని చెప్పాను.

"మీరు గ్లూ తింటారా?"

"పండగలకి" అన్నాను.

అప్పటికే పిల్లాడి బుర్రకి గ్యాస్ ఎక్కేసిందన్నట్టు నా వైపు జాలిగా చూసి, నన్ను చంకలో వేసుకుని వీధి చివరికి నడిచాడు. అమ్మ పొయ్యి ఆర్పి, పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనకాలే పరుగు. వీధి వీధంతా బేస్‌బాల్ గ్రౌండ్‌లో, గాలికి ఎదురుగా, ఎర్రటి ఎండలో నిలబడింది. నైట్‌గౌన్లలో వచ్చినవాళ్ళు, సగం గడ్డం గీసుకుని వచ్చినవాళ్ళు, చంకలో కుక్కతో పక్కింటి పెద్దావిడ. పట్టుచీరలో అమ్మ ఒక్కతే పేరంటానికి వచ్చినట్టుంది.

వాళ్ళ మీటరు మా వంటింట్లో సున్నా చూపించింది. మీటరు లేదంటుంది, ముక్కు ఉందంటుంది. చివరికి పెద్ద ఆఫీసరు ముసుగు తీసేసి, గట్టు మీద ఉన్న ఇంగువ ముద్దని చేతిలోకి తీసుకుని గాఢంగా పీల్చాడట. తర్వాత మా గుమ్మం మీద కూర్చుండిపోయాడట. గ్రౌండ్‌కి కబురొచ్చింది. జనం ముందు నమ్మలేదు, తర్వాత నవ్వారు, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. పక్కింటి పెద్దావిడ అమ్మని వాటేసుకుని "ఐ యామ్ సో సారీ, హనీ" అంది. ఫోన్ చేసింది తనేనని అలా తెలిసింది.

నాన్న ల్యాబ్ కోటుతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆయన నవ్వలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, ప్రసాదం పంచినట్టు సారీలు పంచాడు. కుక్కకి కూడా ఒకటి దక్కింది.

ఇంటికొచ్చాక కోటు విప్పకుండానే బల్ల ముందు కూర్చున్నాడు. అమ్మ చల్లారిన పులిహోర వడ్డించింది. ఆయన ముట్టలేదు.

"మనం ఇక్కడున్నామని వీళ్ళకి తెలియకూడదోయ్" అన్నాడు చివరికి.

"ఉన్నామనే తెలియకపోతే జీతం ఎవరికిస్తారండీ?"

"వేళాకోళం కాదు. గ్రీన్ కార్డుకి కంపెనీయే అప్లై చేయాలి. ఇంకా చేయలేదు. ఇలాంటి గొడవలు రెండయితే, ఎందుకొచ్చిన మనిషి వీడు అంటారు. ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది, వీసా పోతుంది. సామాన్లు సర్దుకోవాలి."

"నేనేం చేశానండీ? పోపేశాను."

"అది చాలు. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఈ ఇంట్లో ఇంగువ వద్దు."

"ఎప్పుడొస్తుంది?"

"రెండేళ్ళు. మహా అయితే మూడు."

అమ్మ పులిహోర వైపు చూసింది. "సరే. దేవుడికి నేను సర్దిచెప్పుకుంటాను. మీ నాలుక్కి మీరే సర్దిచెప్పుకోండి" అని లేచింది. నాన్న పాత పంచె ఒకటి చింపి, ఆ గుడ్డలో ముద్దని కట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, దేవుడి పటం పక్కన పెట్టింది. "కార్డు వచ్చిన రోజు పులిహోర చేస్తాను. మొత్తం వేస్తాను" అని పటానికి వినపడేలా చెప్పింది.

ఇంగువ కట్టిన గుడ్డ అని మనకో మాట ఉంది కదా, ఆస్తి పోయినా డాబు పోనివాళ్ళని దెప్పడానికి. మా ఇంట్లో అది తిరగబడింది. ఆస్తి గుడ్డలో భద్రంగానే ఉంది. డాబు మాత్రం బేస్‌బాల్ గ్రౌండ్‌లో పోయింది.

ఇక ఎదురుచూపులు. గ్రీన్ కార్డు క్యూ గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. నెలకోసారి ప్రభుత్వం ఒక తేదీ ప్రకటిస్తుంది. అది ముందుకి జరిగితే మన వంతు దగ్గరపడినట్టు. కొన్ని నెలలు చీమలా జరిగేది, కొన్ని నెలలు అస్సలు జరిగేది కాదు. ఒక్కోసారి వెనక్కి కూడా పోయేది. కాలం వెనక్కి నడవడం నేను అక్కడే చూశాను. నాన్న కంప్యూటర్ ముందు నుంచి లేచి వచ్చేసరికి అమ్మ వంటింట్లోంచే అడిగేది.

"జరిగిందా?"

"లేదు."

చారులో కరివేపాకు ఇంకో రెబ్బ పడేది. పాపం కరివేపాకు, తన శక్తికి మించి పనిచేసింది ఆ ఇంట్లో.

శాంటా క్లారాలో బాబాయి ఉండేవాడు, నాన్న తమ్ముడు, సాఫ్ట్‌వేర్. పండగలకి ఫోన్ చేసేవాడు. "అన్నయ్యా, ఏదో కోర్సు చేసి ఇటొచ్చెయ్. ఆ ఎడారిలో ఏముంది?" అనేవాడు. నాన్న గ్రీన్ కార్డు ఫైలు అనేవాడు. కంపెనీ మారితే ఫైలు మొదటికొస్తుంది. ఉద్యోగం పేరు మారినా కొత్త తిప్పలొస్తాయని ఆ ఫైలు చూసే లాయరు చెప్పాడు. అందుకని నాన్న ప్రమోషన్ ఇస్తామంటే కూడా వద్దన్నాడు, ఒకసారి కాదు. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళు ఆయనకి మేనేజర్లయ్యారు. ఆయన మాత్రం అదే బల్ల ముందు, అవే సీసాలు, అదే పుల్లటి నూనె, సరే సరే అంటూ.

"అన్నయ్యా, నువ్వు అమెరికా రాలేదు, ఫైల్లోకి వచ్చావు" అన్నాడు బాబాయి ఒకసారి. నాన్న నవ్వాడు. నవ్వి ఫోన్ అమ్మకిచ్చాడు.

"మీ ఇంట్లో ఇంగువ వేస్తారా?" అని అడిగింది అమ్మ. ఆవిడకి వేరే కుశలప్రశ్నలు లేవు.

"భలేదానివి వదినా! మా అపార్ట్‌మెంట్లన్నీ మనవాళ్ళే. వేయకపోతేనే కంప్లైంట్ చేస్తారు."

ఆ రోజు చారులో కరివేపాకు కొమ్మకి కొమ్మే పడింది.

రెండేళ్ళు, మహా అయితే మూడు అన్నది నా మూతి మీద మీసం వచ్చేదాకా సాగింది. నాన్న మారుతున్నాడు. అన్నంలోకి ఆవకాయ ఎక్కువ కలుపుకునేవాడు. పప్పులో ఉప్పు, పెరుగులో ఉప్పు, దేంట్లోనైనా ఉప్పు. ఒకసారి పాలు పొంగి, మాడి, ఇల్లంతా పొగ కమ్మితే పక్కగదిలోంచి కదల్లేదు. అమ్మ దానికీ ఒక కారణం చెప్పుకుంది. "ఇంగువ లేని కూడు ఏం రుచిస్తుందిరా ఆయనకి? తింటున్నాడే గానీ మనసు లేదు." మనసులో దిగులుపడి, డబ్బా తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ పెట్టేసేది. నేను కూడా అప్పటికి చాటుగా సిగరెట్లు మొదలెట్టాను. పుదీనా బిళ్ళలు నమిలి ఆయన పక్కనే కూర్చుని టీవీ చూసేవాణ్ణి. ఒక్కసారి కూడా దొరకలేదు. తెలివైనవాణ్ణని తెగ పొంగిపోయాను. నా తెలివి మీద నాకంత నమ్మకం ఆ తర్వాతెప్పుడూ కుదరలేదు.

ఈలోగా చమురు ధర పడిపోయింది. ఊరు అంచుల నుంచి ఎండటం మొదలైంది. ముందు ఐస్‌క్రీమ్ కొట్టు, తర్వాత సినిమా హాలు, తర్వాత ఒక్కో వీధీ. తలుపులకి చెక్కలు కొట్టేవాళ్ళు. పంపులు ఒకటొకటిగా తల దించి అలాగే ఉండిపోయాయి. సరే అనే ఓపిక వాటికి కూడా అయిపోయింది. హైస్కూలు మూసేసి మమ్మల్ని దూరపు ఊరికి బస్సులో పంపారు. వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, మధ్యలో నిద్ర. పదకొండో తరగతిలో ఒకరోజు బస్సు వచ్చింది, నేను వెళ్ళలేదు. కొన్నాళ్ళకి బస్సు కూడా రాలేదు. అమ్మ ఏడ్చింది. నాన్న కోప్పడలేదు. వీడు చదువు మానేస్తే ఫైలుకి ఏమైనా ఇబ్బందా అని లాయరుకి ఫోన్ చేశాడు. ఇబ్బంది లేదని తెలిశాక ఒక్కసారి నా వైపు చూసి, "భోంచేశావా?" అని అడిగాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది. ఆయన దగ్గర తిట్టడానికి మిగిలింది లేదు.

పక్కింటి ఫోర్‌మన్ ఉద్యోగం కూడా పోయింది. వెళ్ళేముందు పెద్దావిడ యాపిల్ పై చేసుకుని వచ్చింది. అమ్మ టీ ఇచ్చింది. ఇద్దరూ అన్నేళ్ళలో చేతులతో, కళ్ళతో ఒక భాష తయారుచేసుకున్నారు.

"ఆ గ్లూ ఇంకా వండుతున్నావా, హనీ? మళ్ళీ ఎప్పుడూ వాసన రాలేదు."

"నో. గ్రీన్ కార్డ్ కమ్, దెన్" అంది అమ్మ.

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. "దానికి కూడా కార్డు కావాలా?"

"యెస్."

"ఈ గవర్నమెంటుకి సిగ్గు లేదు" అంది ఆవిడ, అమ్మ చెయ్యి పట్టుకుని. ఆవిడ అన్నది నేను తెలుగులో చెబితే అమ్మ అవునవునంది. నేను సరిదిద్దలేదు. ఆలోచిస్తే సరిదిద్దడానికి ఏమీ కనిపించలేదు.

ఆవిడ వెళ్ళాక వీధిలో దీపం వెలిగే ఇల్లు మాదొక్కటే. ల్యాబ్‌లో మిగిలిన కొద్దిమందిలో నాన్న ఒకడు. చవగ్గా దొరికే మనిషి, కదలలేని మనిషి, కంపెనీ అలాంటివాణ్ణి చివర్న తీసేస్తుంది.

కార్డు ఒక మామూలు మంగళవారం వచ్చింది. నేనే పోస్టు డబ్బాలోంచి తెచ్చాను. కరెంటు బిల్లు పక్కన మామూలు కవర్లలో ఉన్నాయి, మా ముగ్గురివీ. నాన్న చేతులు కడుక్కుని వచ్చి, తుడుచుకుని, తన కార్డు పట్టుకున్నాడు. వెలుగుకి పెట్టి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. గెంతుతాడేమో అనుకున్నాను. కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకున్నాడు.

"ఏమోయ్" అన్నాడు. "నీ ఇంగువ తీసుకో."

అమ్మ అప్పటికే స్టూలు ఎక్కింది. డబ్బా టేపు ఎండి పెళుసుబారింది. మూత తీయగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సెంటిమెంటుతో కాదు. ముద్ద రాయిలా బిగుసుకుంది కానీ వాసన ఒక్క పిసరు తగ్గలేదు. పంచె గుడ్డ ముద్ద కన్నా ఘాటుగా ఉంది.

"ముందు సేఫ్టీ ఆఫీసుకి ఫోన్ చెయ్యి" అంది అమ్మ.

"ఎందుకూ?"

"చెప్పు వాళ్ళకి. ఈవేళ మా ఇంట్లో ఇంగువ వేస్తున్నాం, పరిగెత్తొద్దు అని. మా దగ్గర కార్డుంది అని కూడా చెప్పు."

గోడ మీద అంటించిన పాత నంబరు కొట్టాను. ఒక ఆడగొంతు రికార్డు వచ్చింది.

"ఏమంటోంది?"

"ఈ నంబరు వాడకంలో లేదంటోంది."

అమ్మ అట్లకాడ చేతిలోకి తీసుకుంది. "అయితే ఊళ్ళో వాడకంలో ఉన్నది మనమేనా?" అంది. తర్వాత నూనె పెట్టింది.

ఆ రోజు వేసినంత ఇంగువ నేను మళ్ళీ ఎవరి ఇంట్లోనూ చూడలేదు. ముద్దలో సగం. వాసన వంటిల్లు దాటి, హాలు దాటి, వీధిలో పడింది. అమ్మ కిటికీలన్నీ తెరిచింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. స్తంభం మీద గుడ్డగొట్టం పీలికలైపోయి ఉంది, ఆంజనేయుడి తోక లంకా దహనం తర్వాతలా. గాలి అటే, పక్కింటి వైపే. చెక్కలు కొట్టిన కిటికీలు. ఒక్క కుక్కైనా మొరగలేదు. ఇంతకాలం దాచుకున్న గొడవ అది, చేద్దామంటే వినేవాడు లేడు.

అమ్మ నాన్నకి వడ్డించి ఎదురుగా నిలబడింది, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ. నాన్న ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. తల ఊపాడు.

"బ్రహ్మాండంగా ఉందోయ్" అన్నాడు. "ఇంగువ ఎప్పుడేస్తావు? చివర్నా?"

నా కళ్ళు ఇంకా మండుతూనే ఉన్నాయి. అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. ఆవకాయ, ఉప్పు, మాడిన పాలు, నా సిగరెట్లు, అన్నీ వరసగా వచ్చి ఆ బల్ల చుట్టూ కూర్చున్నాయి. ముందు చచ్చేది ముక్కు అని తొమ్మిదేళ్ళప్పుడు నేనే కదా ఇంటికి మోసుకొచ్చి అప్పజెప్పాను.

అమ్మ గొంతు మామూలుగానే ఉంది. "మతిమరుపు మనిషిని. ఉండండి, వేసుకొస్తాను."

వంటింట్లోకి వెళ్ళి, మిగిలిన సగం ముద్దా వేసి ఇంకో పోపు పెట్టింది. ఇంట్లో నిలబడటం కష్టమైంది. నేను దగ్గుతున్నాను. ఆ పోపు వేడివేడిగా తెచ్చి నాన్న కంచంలో పోసి కలిపింది. ఆయన వంగి, కళ్ళు మూసుకుని పీల్చాడు. పొగకి కళ్ళవెంట నీళ్ళొచ్చాయి.

"ఆ! ఇదీ" అన్నాడు.

నిజంగా తగిలిందో, అమ్మ మొహం చూసి అన్నాడో నేను చెప్పలేను.

ఇప్పుడు మేం హ్యూస్టన్ దగ్గర ఉంటున్నాం. గుడి, ఇడ్లీ, చీరలు అన్నీ ఉన్నాయి. నేను బావుల నుంచి ఉప్పునీళ్ళు మోసే లారీ నడుపుతాను. రెండు వారాలు ఆ ఎడారిలోనే, రెండు వారాలు ఇంట్లో. చొక్కాకి చిన్న గ్యాస్ మీటరు తగిలించుకోవాలి, గ్యాస్ తగిలితే అది కీచుమంటుంది. ఒకసారి నాన్నని నా లారీలో ఎక్కించుకుని వెళుతూ అడిగాను, ఎప్పటినుంచి అని. ఏమిటి ఎప్పటినుంచి అని ఆయన అడగలేదు.

"మీటర్లున్నాయి కదరా. ముక్కుతో ఏం పని?" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ.

"డాక్టరుకి చెప్పలేదా?"

"చెబితే ల్యాబ్‌లో ఉంచుతారా? ఫైలు ఏం కావాలి?"

అంతే. తర్వాత వందమైళ్ళు ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఆ దారిలో వాతావరణం మారదు.

అమ్మ ఇప్పుడు ఇంగువ ఎంత కావాలంటే అంత వేసుకోవచ్చు. అపార్ట్‌మెంట్ మెట్ల మీదే నాలుగు రకాల ఇంగువ తెలుస్తుంది. అన్నం పెట్టినప్పుడల్లా అడుగుతుంది, "ఇంగువ సరిపోయిందాండీ?" అని. చాలాకాలం ఆయన సరిపోయిందనేవాడు. ఈమధ్య రోజూ ఒకే జవాబైతే బాగుండదనుకున్నాడో ఏమో, మార్చి మార్చి చెబుతున్నాడు.

మొన్న నేను ఇంట్లో ఉన్న రోజు అమ్మ చారు పోసింది. నాన్న జుర్రుకుని, మొహం చిట్లించి అన్నాడు.

"ఇంగువ కాస్త ఎక్కువైందోయ్ ఈవేళ."

డబ్బా ఖాళీ అయింది, కొనుక్కు రమ్మని అమ్మ పొద్దున్నే నాకు చెప్పింది. నేను మర్చిపోయాను. అమ్మ నా వైపు చూడలేదు. గరిటెతో ఇంకొంచెం చారు పోసింది.

"రేపు తగ్గిస్తాలెండి" అంది.